లేని చలి: హైబ్రిడ్ కారు బ్యాటరీ పలుకు శీతలసాక్ష్యము

కృష్ణా పశ్చిమ డెల్టాలో చలి యనునది పేరునకు మాత్రమే కలదు. పుష్యమాసపు వేకువలందు తెనాలి కాలువగట్ల మీదను రేపల్లె లంకలలోను మంచు తెరలు కట్టి, పాలు పోయువారు తలలకు తువ్వాళ్లు చుట్టుకొని వచ్చుచున్నను, ఉష్ణమాపకమున పాదరసము 15 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు జారుట అరుదు. బాపట్ల సంగతి చెప్పనే యక్కరలేదు. సమీపముననే యున్న సూర్యలంక సముద్రము ఆ యూరి రాత్రులను సయితము వెచ్చగనే యుంచును. ఆంధ్రదేశమున నీరు గడ్డకట్టునంతటి చలిని చూడగోరువారు మన్యమెక్కి లంబసింగి దాక పోవలసినదే. అట్టి ఉక్కపోత నేలపై తిరుగు హైబ్రిడ్ కారొకటి, మెకానిక్కు స్కానరును తగిలించినంతనే, తన బ్యాటరీ ఉష్ణోగ్రత సున్నకు దిగువ 40 డిగ్రీలని చూపినచో ఆ మాటను విశ్వసించుట యెట్లు? విశ్వసింపనిచో, ఆ యసత్యమును పుట్టించినది సెన్సారా, తీగయా, కంప్యూటరా? యంత్ర మిచ్చిన అంకెను నమ్ముటకు ముందు అది ఎట్లు పుట్టినదో, ఏ దేశమున ఏ కాలమున పుట్టినదో విచారింపవలెనను న్యాయమునకు ఇంతకంటె చక్కని దృష్టాంతము దొరకుట కష్టము.

హైబ్రిడ్ కారనగా పెట్రోలు ఇంజనును విద్యుత్ మోటారును జంటగా పనిచేయించు వాహనము. బ్రేకు వేసినప్పుడు వ్యర్థముగా వేడియై పోవలసిన చలనశక్తిని మోటారు విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో దాచును. కారు మరల కదలునప్పుడు ఆ విద్యుత్తే చక్రములను త్రిప్పును. 1997 డిసెంబరులో జపానులో విడుదలయైన టొయోటా ప్రియస్ కారు ఈ పద్ధతిని జనసామాన్యమునకు చేర్చెను. భారతదేశమున కది 2010లో వచ్చినను, అధిక మూల్యము వలన ధనికుల కార్ల కొట్టములు దాటి పోలేదు. 2022లో హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ కార్ల హైబ్రిడ్ రకములును, వాని వెంటనే ఇన్నోవా హైక్రాస్‌ను వెలువడిన పిమ్మటనే చిన్న పట్టణముల వీధులలో నిట్టి వాహనములు విరివిగా కానవచ్చుట కారంభించినది. వీనిలో హైక్రాస్ బ్యాటరీ నికెల్-మెటల్ హైడ్రైడ్ జాతిది. తక్కిన మూటివి లిథియం-అయాన్ జాతివి.

బ్యాటరీ యనగానే పన్నెండు వోల్టుల నల్లపెట్టెను మాత్రమే తలచుకొనువారు దీని నిర్మాణమును గొంత తెలిసికొనవలెను. రెండవ తరపు ప్రియస్‌లో 1.2 వోల్టుల సెల్లులు 168 కలవు; ఆరేసి సెల్లుల కొక మాడ్యూలు చొప్పున 28 మాడ్యూళ్లు వరుసగా కూర్పబడి మొత్తము 201.6 వోల్టుల నిచ్చును. ఆ వరుస క్రింద మూడు చోట్ల మూడు ఉష్ణోగ్రత సెన్సార్లును, చల్లని గాలి ప్రవేశించు మార్గమున మరియొక సెన్సారును అమర్పబడియుండును. కారు లోపలి గాలినే ఒక ఫ్యాను పీల్చి ఈ మాడ్యూళ్ల నడుమకు పంపును. ఆ ఫ్యాను ఎప్పుడు తిరుగవలెనో, ఎంత వేగముతో తిరుగవలెనో, బ్యాటరీలోనికి ఎంత విద్యుత్తు చొప్పింపవచ్చునో, దానినుండి ఎంత లాగవచ్చునో నిర్ణయించు కంప్యూటరునకు ఆ సెన్సార్లే కన్నులు.

ఉష్ణోగ్రతను గూర్చి యింత జాగ్రత్త యేల? బ్యాటరీ యందు జరుగునది రసాయనక్రియ. రసాయనక్రియలన్నియు చలికి మందగించును. నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులోని పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణమున అయానుల గమనము చలికి నెమ్మదించి, అంతర్నిరోధము పెరుగును. లిథియం-అయాన్ సెల్లు విషయమున ప్రమాదము ఇంకను గాఢమైనది: సున్న డిగ్రీలకు దిగువన దానిని వేగముగా ఛార్జి చేసినచో, లిథియం అయానులు గ్రాఫైటు పొరల నడుమకు చొచ్చుకొనిపోవుటకు వ్యవధి చాలక దాని పైభాగముననే లోహరూపమున పేరుకొనును; అట్లు పేరుకొన్న లోహము మరల పూర్తిగా అయానులుగా మారదు; సెల్లు సామర్థ్యము శాశ్వతముగా తగ్గును; లోపల షార్ట్ సర్క్యూట్ కలుగు అవకాశమును ఏర్పడును. అందుచేత చలి యున్నదని తెలిసినంతనే కంప్యూటరు బ్యాటరీ రాకపోకలను కట్టడి చేయును. బ్రేకు శక్తిని పూర్తిగా స్వీకరింపదు. మోటారుతో మాత్రమే నడచుట కనుమతింపదు. ఇంజనును విడువక తిప్పును. లడఖ్‌లో నిది వివేకము. తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు మండుటెండలో పోవు కారున కిదియే జరిగినచో, యజమానికి తెలియునది పెట్రోలు ఖర్చు పెరుగుట, ఇంజను ఆగకుండుట, హెచ్చరిక దీపము వెలుగుట మాత్రమే.

ఇక సెన్సారు స్వభావమును చూతము. అది థర్మిస్టరు అను చిన్న పూస. వేడి పెరిగిన కొలది తన విద్యుత్ నిరోధమును తగ్గించుకొనునది. లోహములన్నియు వేడికి నిరోధమును పెంచుకొనుచుండగా, సిల్వర్ సల్ఫైడు అందుకు విరుద్ధముగా ప్రవర్తించుటను 1833లో మైకేల్ ఫారడే గమనించెను. ఆ విపరీతధర్మమును 1930లో శామ్యూల్ రూబెన్ వ్యాపారయోగ్యమైన పరికరముగా మలచెను. 25 డిగ్రీల వద్ద 10 వేల ఓములుండు సాధారణపు థర్మిస్టరును గైకొన్నచో, సున్న డిగ్రీల వద్ద దాని నిరోధము 33 వేల ఓముల ప్రాంతమున నుండును. 50 డిగ్రీల వద్ద సుమారు 3,600 ఓములకును, 100 డిగ్రీల వద్ద సుమారు 700 ఓములకును దిగును. సున్నకు దిగువ 40 డిగ్రీల వద్ద మూడు నాలుగు లక్షల ఓములకు ఎగబ్రాకును. కారు కారునకు ఈ అంకెలు కొంత మారినను ధర్మము మారదు.

కంప్యూటరు ఓములను నేరుగా కొలువదు, వోల్టులను కొలుచును. డెల్టా కాలువల నెరిగిన వారికి దీనిని బోధించుట సులభము. ఎగువ షట్టరొకటి, దిగువ షట్టరొకటి యున్న కాలువ ముక్కను తలచుకొనుడు. ఎగువ షట్టరు ఎల్లప్పుడు ఒకే మేరకు తెరచియుండును. దిగువ షట్టరు మాత్రము ఎండ ముదిరిన కొలది విచ్చుకొనుచు, చలి ముదిరిన కొలది ముడుచుకొనుచుండును. నడిమి నీటిమట్టమును చూచియే దిగువ షట్టరు ఎంత తెరచియున్నదో, తద్ద్వారా ఎండ యెంతయో గణింపవచ్చును. కారులో ఎగువనున్నది 5 వోల్టుల సరఫరాకు తగిలించిన స్థిరనిరోధము, దిగువనున్నది థర్మిస్టరు, నడిమి మట్టమే కంప్యూటరు చదువు వోల్టేజి. ఇప్పుడు దిగువ షట్టరు పూర్తిగా మూసికొనిపోయినదనుకొనుడు: నీరు ఎగువ మట్టము దాక నిండును, కొలుచువాడు దానిని భరింపరాని చలిగా లిఖించుకొనును. తెగిన తీగ చేయు పని యిదియే. తెగిన తీగకు నిరోధము అనంతము. అనంతమైన నిరోధమునకు కంప్యూటరు భాషలో అర్థము మహాశీతలము. థర్మిస్టరునకు వోల్టేజిని తెచ్చు తీగ నేరుగా కారు బాడీకి తగిలినచో నిరోధము శూన్యమై, దాని కర్థము మహోష్ణమగును.

ఇచ్చట మెకానిక్కులను తరచు తప్పుదారి పట్టించు సూక్ష్మ మొకటి కలదు. స్కానరు చూపు సంకేతములలో పి0ఏ9డి యనునది బ్యాటరీ ఉష్ణోగ్రత సెన్సారు సర్క్యూట్ ‘లో’ యని, పి0ఏ9ఇ యనునది సర్క్యూట్ ‘హై’ యని తెలుపును. ఈ హెచ్చుతగ్గులు వోల్టేజికి సంబంధించినవి, వేడికి కావు. వోల్టేజి తగ్గినదనగా సెన్సారు అతివేడిని పలుకుచున్నదని. వోల్టేజి హెచ్చినదనగా అతిచలిని పలుకుచున్నదని. కావున చలి తప్పును వెదకువాడు పి0ఏ9ఇ సంకేతము దిక్కు చూడవలెను. రెండింటికిని చెందక, ఒక సెన్సారు తక్కిన వానితో పొసగకున్నచో వచ్చునది పి0ఏ9సి. వచ్చుచు పోవుచు నుండు లోపమునకు గుర్తు పి0ఏ9ఎఫ్.

పూర్తిగా తెగిన తీగను పట్టుకొనుట సులభమే, ఏలయన అది పలుకు అసత్యము మితిమీరినది. కష్టమెల్ల నమ్మదగినట్లు పలుకు అసత్యముతోనే. కనెక్టరు పిన్నుపై పచ్చని చిలుము పట్టి, సర్క్యూటునకు 10 వేల ఓముల అదనపు నిరోధము చేరినదనుకొందము. బ్యాటరీ నిజముగా 30 డిగ్రీల వేడి నున్నప్పుడు థర్మిస్టరు నిరోధము 8 వేల ఓములు. చిలుముతో కలిసి 18 వేలగును. కంప్యూటరు దానిని 12 డిగ్రీలుగా చదువును. ఎండలో ప్రయాణించి బ్యాటరీ 40 డిగ్రీలకు చేరినప్పుడు థర్మిస్టరు 5,300 ఓములకు దిగును గాని, మొత్తము 15 వేలకు పైబడియే యుండుటచే కంప్యూటరునకు 16 డిగ్రీలే కనబడును. అనగా బ్యాటరీ పది డిగ్రీలు వేడెక్కగా కంప్యూటరునకు తెలిసినది సుమారు నాలుగు డిగ్రీలు మాత్రమే. వేడి పెరిగిన కొలది అసత్యము పెరుగుచున్నది. వేడి ప్రదేశములలో లేని చలిని పలుకు సెన్సారు వలన కలుగు అసలు అపాయ మిదియే. చలి యున్నదని భ్రమించి కంప్యూటరు కట్టడి చేయుట వలన కలుగునది మైలేజీ నష్టము మాత్రమే. చల్లగా నున్నదని నమ్మి ఫ్యానును తిప్పకుండుట వలన సెల్లుల ఆయువే క్షీణించును. వేడిలో నానిన బ్యాటరీ ముందుగా ముసలిదగునని వేరుగ చెప్పనక్కరలేదు.

తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణముల పరిసరములందు అట్టి లోపములు పుట్టుటకు హేతువులు మెండు. సూర్యలంక, నిజాంపట్నముల వైపు వీచు సముద్రపు గాలిలో ఉప్పు కలదు. ఉప్పుతో కూడిన తేమ రాగిని, తగరపు పూతను నిదానముగా తినివేయును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయి కొల్లూరు, రేపల్లె ప్రాంతపు లంకలను ముంచెత్తినది. చక్రములు మునుగు నీటిలో నొక పూట నిలిచిన కారు ఆరిన పిమ్మట చక్కగనే నడచును. ఆసనముల క్రింద గాని సామానుల అర దగ్గర గాని యున్న కనెక్టర్లలో చిలుము తలయెత్తుట నెలల తరువాతి మాట. తేమ రెండు విధముల మోసగించును: పిన్ను మీద చిలుమై నిరోధమును పెంచినచో చలిగా, రెండు పిన్నుల నడుమ తడియై దొంగదారి ఏర్పరచినచో వేడిగా కనిపించును. మూడవ హేతువు ఎలుక. వరికోతలు ముగిసి పొలములు ఖాళీ యగుటతో ఎలుకలు ఊళ్లపై బడును. కదలక నిలిపియుంచిన కారు వానికి ఆశ్రయము, అందలి మెత్తని తీగతొడుగులు పండ్లు నూరుకొనుటకు సాధనములు.

ఇక నిర్ధారణ క్రమము. ఇందుకు కావలసిన మొదటి ఉపకరణము స్కానరు కాదు, వేకువజాము. కారును నీడపట్టున రాత్రియంతయు కదపక యుంచి, తెల్లవారకముందే ఇంజను స్టార్టు చేయకుండ స్విచ్చి మాత్రము ఆన్ చేసి, స్కానరులో కానవచ్చు ఉష్ణోగ్రతల నన్నిటిని వ్రాసికొనవలెను: బ్యాటరీ సెన్సార్లు మూడును, గాలిమార్గపు సెన్సారు, ఇంజను కూలెంటు, ఇన్వర్టరు, బయటి గాలి. రాత్రియంతయు విశ్రమించిన కారులో వేడిని పుట్టించునది ఏదియు లేదు గనుక ఇవన్నియు ఇంచుమించు సమానముగా నుండితీరవలెను. రెండు మూడు డిగ్రీల భేదమును లెక్కింపనక్కరలేదు. అన్నియు 22, 23 పలుకుచుండగా ఒక్కటి మాత్రము 4 పలికినచో దోషము ఆ ఒక్క సెన్సారునందో దాని తీగయందో యుండును. బ్యాటరీ సెన్సార్లు మూడును ఏకమై ఒకే విధముగా చలిని పలికినచో, మూడు పూసలు ఒకేమారు చెడుట అసంభవప్రాయము గాన, వానికి సామాన్యమైన ఎర్తు తీగను, మూటికిని చెందు కనెక్టరును, చివరకు కంప్యూటరును అనుమానింపవలెను.

పిమ్మట అదే కారును ఒక గంట నడిపి మరల చూడవలెను. సత్యము పలుకు సెన్సార్లు పదేసి డిగ్రీలు పైకి పోగా, అనుమానితము ఏ మాత్రము కదలక పాతాళముననే నిలిచియున్నచో తీగ తెగినదని గ్రహింపవచ్చును. అది కదలుచునే యుండి, తక్కినవి పది డిగ్రీలు ఎక్కుచోట మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే ఎక్కుచున్నచో చిలుము పట్టినదని గ్రహింపవచ్చును. ఇంతకు పూర్వము వేసిన లెక్క ఇందులకే. గతుకుల మీద ఎగిరెగిరిపడుచు నిమిషమునకొక అంకె పలికినచో పిన్ను వదులైనదని గాని, తీగ లోపల తెగి పైతొడుగుతో మాత్రమే నిలిచియున్నదని గాని చెప్పవచ్చును. ఒక్క స్క్రూ విప్పకుండ, మూడు రోగములను మూడు లక్షణములచే వేరుపరచుట సాధ్యమైనది.

ఈ దశ దాటి బ్యాటరీ మూతను తెరచుట మాత్రము ఎల్లర పని కాదు. సెన్సారు తీగలలో నున్నది 5 వోల్టులే యైనను, వాని ప్రక్కనే ప్రాణము తీయగల 200 వోల్టుల రాగిపట్టీలు వరుసలు దీరియుండును. నారింజరంగు తొడుగు గల తీగ యేదియైనను అధిక వోల్టేజిదని అర్థము. కారును పూర్తిగా ఆఫ్ చేసి, తాళమును దూరమున నుంచి, పన్నెండు వోల్టుల బ్యాటరీని విడదీసి, వెయ్యి వోల్టులకు తగిన రబ్బరు తొడుగులను చిల్లు లేదని పరీక్షించి ధరించి, బ్యాటరీ సెల్లుల వరుసను తెంచు సర్వీస్ ప్లగ్గును లాగి జేబులో వేసికొని, ఇన్వర్టరులోని కెపాసిటర్లు శాంతించుటకు పది నిమిషములు వేచి, ఆపై మీటరుతో వోల్టేజి లేదని రూఢి చేసికొనినగాని చేయి పెట్టరాదు. సర్వీస్ ప్లగ్గు లాగినను ప్రతి సెల్లు తన వోల్టేజిని తనలో నుంచుకొనియే యుండును. వరుస మాత్రమే తెగును. శిక్షణ లేనివారు ఇచ్చట ఆగి, పని తెలిసినవారికి తాము వ్రాసికొన్న అంకెల పట్టిక నందించుట మేలు.

శిక్షణ గలవాడు చేయు పరీక్ష సరళమైనది. కంప్యూటరు వద్ద సెన్సారు కనెక్టరును విప్పి, కంప్యూటరు వైపునున్న రెండు కొనలను చిన్న తీగతో కలిపినచో స్కానరు మీద అంకె చలినుండి మహోష్ణమునకు ఎగురవలెను. (సర్వీస్ ప్లగ్గు లేనప్పుడును అంకెలు చదువనిచ్చునదీ లేనిదీ ఆ కారు మాన్యువలు చెప్పును.) ఎగిరినచో కంప్యూటరు నిర్దోషి, దోషము తీగలోనో పూసలోనో కలదు. ఎగురకున్నచో దోషము కంప్యూటరునందే. తరువాత సెన్సారు వైపు కొనలపై మీటరుంచి ఓములను కొలిచి, ఆనాటి ఉష్ణోగ్రతకు తయారీదారు పట్టికలో నున్న విలువతో పోల్చవలెను. కొలుచుచునే తీగను అడుగడుగున మెల్లగా కదపవలెను. పూసను వ్రేళ్ల నడుమ పట్టి వెచ్చజేయవలెను. వెచ్చజేసిన కొలది ఓములు నిదానముగా, ఎగుడుదిగుడులు లేక తగ్గినచో పూస బ్రతికియున్నది. ఈ క్రమమున లోపము చిలుమని తేలినచో పిన్నులను శుభ్రపరచుటయు, తెగుటయని తేలినచో తీగల కట్టను మార్చుటయు చికిత్స.

మిన్నెసోటాలోనో, కెనడాలోని ఎడ్మంటన్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబపు కారున కిదే సంకేతము వచ్చినచో విచారణ మార్గము తలక్రిందులగును. అచ్చట మాఘమాసమున బయట నిలిపిన కారు నిజముగనే సున్నకు దిగువ 25, 30 డిగ్రీలకు చల్లబడగలదు. మెకానిక్కు మొదట సత్యము పలికినదని యెంచి, వెచ్చని గరాజులో ఒక రాత్రి యుంచి, అప్పటికిని అంకె మారకున్నచో మాత్రమే సెన్సారును శంకించును. తెనాలిలో మొదటినుండియే శంకింపవలెను. యంత్రము ఒక్కటే, సంకేతము ఒక్కటే. వాతావరణము వేరగుటచే ఒకచోట వాస్తవము, వేరొకచోట అభూతకల్పన. పాశ్చాత్యదేశముల యజమానులకొరకు సిద్ధపరచిన సలహాలను ఇచ్చటి కార్లకు ఉన్నదున్నట్లు వర్తింపజేయరాదనుటకు ఇదియే కారణము.

చికిత్స ముగిసిన పిమ్మట సంకేతమును స్కానరుతో చెరిపివేసినంత మాత్రమున పని పూర్తి కాదు. మరునాటి వేకువజామున అన్ని సెన్సార్లను మరల పోల్చి, అవి ఏకకంఠముతో పలికినప్పుడే కారును యజమానికి అప్పగింపవలెను. ఈ పాటి ఓపిక లేక, హెచ్చరిక దీపమును చూచినంతనే బ్యాటరీ చెడినదని తీర్పు చెప్పి, వేలు లక్షలు వెచ్చింపజేయు తొందరపాటు లోకమున లేకపోలేదు. చౌకగా సెల్లులను మాత్రమే మార్చువారు పాత తీగల కట్టనే క్రొత్త సెల్లులకు బిగింతురు. పిన్నుల చిలుము చెక్కు చెదరదు. క్రొత్త బ్యాటరీ సయితము రోహిణీకార్తెలో చలికి వణకుచున్నట్లే కంప్యూటరునకు తోచును, ఫ్యాను తిరుగదు, పాతదానికి పట్టిన గతియే దానికిని పట్టును.